పాదం లేని చెప్పులంగడి

"వస్తాండారు సామీ. చూస్తాండారు. పోతాండారు. కొనేటోడు మాత్రం ఒక్కడూ లేడు."

ఓబులేసు మఠం మెట్ల మీద కూలబడి ఈ మాట అన్నప్పుడు మా కంబగిరి సామి చాట ముందర పెట్టుకుని శెనక్కాయలు ఒలుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఎవర్రా వస్తాండేది?" అన్నాడు.

"మనుషులే సామీ. నా అంగడికి."

"నీకు అంగడి యాడుందిరా? రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసినారు కదా."

"ఆ అంగడి కాదు సామీ. ఫోన్లో అంగడి. వెబ్‌సైట్."

"ఓహో" అని సామి ఇంకో కాయ ఒలిచి పప్పు నోట్లో వేసుకున్నాడు.

నేను వంటింట్లోంచి అంతా వింటూనే ఉన్నాను. నా పేరు సుంకులమ్మ. ఈ మఠంలో పొయ్యి నాది. నోరు కూడా నాదే అంటారు గిట్టనివాళ్ళు. నంద్యాల పక్కన చిన్న గుట్ట మీద ఉంటుంది మా మఠం. పైన రేకులు, కింద నాపరాళ్ళు, వచ్చినవాడు ఏ కులమోడైనా అందరికీ ఒకటే పంక్తి. మా సామి నోటితో బోధ చేసేది తక్కువ. మరీ ఎక్కువ అడిగితే చేతికి చీపురు ఇస్తాడు. అందుకే ఆయన్ను ఏదన్నా అడగాలంటే నాకు కూడా కొంచెం బెరుకే.

ఓబులేసును చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. వాళ్ళ నాయన మద్దిలేటి చెప్పులు కుడతాడు. కిర్రుచెప్పులంటే ఈ చుట్టుపక్కల మద్దిలేటి చెప్పులే. మనిషి వీధి మలుపు తిరిగేసరికే ఇంట్లోవాళ్ళకు తెలిసిపోవాల, అట్ల కిర్రుమంటాయి. బస్టాండు దగ్గర ఆయనకు రేకుల అంగడి ఉండేది. రోడ్డు వెడల్పులో అది పోయింది. అప్పటి నుంచి మద్దిలేటి ఇంటి ముందర కూర్చుని, పనిలేక, కుట్టిన చెప్పులనే విప్పి మళ్ళీ కుడుతున్నాడు. చూసేవాళ్ళకే దిగులు పుట్టేది.

బెంగళూరులో ఉండే మేనల్లుడు ఒకడు, ఇక్కడ పెద్ద అపార్ట్‌మెంటుకు గేటు కాపలా మనిషి కావాల, వస్తావా మామా అని ఫోన్ చేశాడు. ఉగాది వెళ్ళినాక వస్తానని మద్దిలేటి మాటిచ్చేశాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి ఓబులేసుకు అన్నం సయించడం లేదు. వాడు హైదరాబాదులో ఎవరెవరి వ్యాపారాలకో వెబ్‌సైట్లు చేసిపెట్టే ఉద్యోగం చేసేవాడు. అది మానేసి ఊరికొచ్చేశాడు. "చేతులు ఆడినంత కాలం మా నాయన చెప్పులే కుడతాడు. ఎవరి గేటో తీసి కార్లకు సలాం కొట్టేదానికి నేను పోనియ్యను" అన్నాడు. మొండోడు. అన్నాడంటే అన్నట్టే.

నాయన కుట్టిన చెప్పులు అమ్మడానికి వాడే ఒక వెబ్‌సైట్ చేశాడు. స్నేహితుడెవరో తీసిన కిర్రుచెప్పుల వీడియో ఫోన్లలో ఊరూరా తిరిగి, జనం వేలల్లో ఆ సైట్ చూడటానికి వస్తున్నారట. కానీ ఒక్క జత కూడా అమ్ముడుపోలేదు. ఉగాది చూస్తే ముంచుకొస్తోంది.

"నేనేం తక్కువ చేసినా సామీ?" అన్నాడు ఓబులేసు. "ఎంతమందికో చేసిచ్చినా. అందరివీ నడుస్తాండాయి. నాది ఒక్కటే నడవడం లే. జనాలకు మంచి వస్తువు విలువ తెలీదు, అంతే. ఎర్రిజనం."

ఆ ఆఖరి మాటకు సామి చేతిలో కాయ ఆగింది.

"ఏదీ, ఇటియ్యి నీ అంగడి" అన్నాడు.

ఓబులేసు ఫోన్ తీసి పక్కకు జరిగి చూపించబోయాడు. సామి ఆ ఫోన్ లాక్కుని నన్ను కేకేశాడు.

"సుంకులూ, ఇట్రా. చెప్పులు కావాలంటివే. కొనుక్కో."

"అత్తా, ముందు పైన ఉండే ఆ బటన్..." అని ఓబులేసు మొదలుపెట్టాడు. సామి తన పెదాల మీద వేలు పెట్టాడు.

మా మఠంలో అదొక పద్ధతి. బోధ అడిగినవాడి ముందు సామి పెదాల మీద వేలు పెడితే, ఆ వేలు తీసేదాకా వాడు నోరు విప్పకూడదు. పెద్ద పెద్ద వాదనలు చేసేవాళ్ళు ఆ వేలి ముందర చెమటలు కక్కడం నేను చూశాను.

చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ పట్టుకున్నాను. ముందర ఒక వీడియో మొదలైంది. కొండలు, మబ్బులు, వెనక ఎవరో గంభీరంగా తరతరాల వారసత్వం అంటున్నాడు. బాగానే ఉంది. ఎంతసేపు చూసినా చెప్పులు రాలేదు. వేలితో కిందికి తోశాను. ఒక పెట్టె ఎగిరొచ్చి నా పేరు, ఫోన్ నంబరు అడిగింది.

"నేనింకా ఏం చూడకముందే నా నంబరెందుకురా దీనికి?" అన్నాను.

ఓబులేసు నోరు తెరిచాడు. సామి వేలు ఇంకా పెదాల మీదే ఉంది. మూసుకున్నాడు.

ఆ పెట్టెను ఎట్ల మూయాలో తెలీక తోచిన చోటల్లా పొడిచాను. ఎట్లనో పోయింది. అప్పుడొచ్చాయి చెప్పులు. అబ్బ, ఏం చెప్పులవి! ఇత్తడి పళ్ళెంలో పెట్టి, పట్టుగుడ్డ మీద పెట్టి, మల్లెపూల మధ్యలో పెట్టి తీశాడు. పెండ్లికూతుళ్ళ మాదిరి ఉన్నాయి. పక్కనే ఒక గడియారం వెనక్కి నడుస్తోంది. దాని కింద ఎర్ర అక్షరాలతో "ఇంకా రెండు జతలే మిగిలాయి, త్వరపడండి" అని వెలిగి ఆరుతోంది.

"ఏందిరా, రెండే ఉన్నాయా? మొన్న మీ ఇంట్లో గోడ నిండా వేలాడుతుండె కదా?"

ఓబులేసు తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

సరే, నచ్చిన జత మీద వేలు పెట్టాను. సైజు ఎంచుకోండి అంది. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. నా కాలు నాకు తెలుసు గానీ దాని నంబరు నాకేం తెలుసు? నా కాలు ముందర చేటంత, వెనక పిడికెడంత. పైగా చిటికెనవేలు పక్కన ఒక బొడిపె. బజార్లో ఏ చెప్పు వేసినా అక్కడ ఒరుసుకుంటుంది. ఆ బొడిపె సంగతి ఎవరినన్నా అడుగుదామని అటూ ఇటూ వెతికాను. ఆ సైట్ మొత్తంలో అడిగేదానికి మనిషే లేడు. గడియారం మాత్రం తరుముతోంది.

"వద్దులే" అని ఫోన్ సామి చేతిలో పెట్టి పొయ్యి దగ్గరికి పోయాను. పప్పు మాడుతోంది మరి.

అప్పుడు తీశాడు సామి వేలు.

"ఎర్రిజనం పోతాండారు అంటివే. ఇప్పుడు పోయింది ఎవరో చూసినావా?"

ఓబులేసు ఫోన్ తీసుకుని మెట్లు దిగిపోయాడు. అన్నం తిని పొమ్మని నేను పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు.

మళ్ళీ వచ్చినప్పుడు వాడి కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. రాగానే, "అన్నీ పీకేసినా సామీ" అన్నాడు. వీడియో తీసేశాడు. నంబరు అడిగే పెట్టె తీసేశాడు. అబద్ధాల గడియారం తీసేశాడు. తీసేసి ఊరికే కూర్చోలేదు. టీకొట్టు దగ్గర, కాలేజీ గేటు దగ్గర, బట్టలంగడి ముందర, కనపడినవాళ్ళకల్లా ఫోన్ ఇచ్చి, "చెప్పులు కొనుక్కోండి" అని చెప్పి, తన నోటి మీద తనే వేలు పెట్టుకుని చూశాడట. టీకొట్టాయన వీడికి పిచ్చి పట్టిందనుకుని ఒక పెద్దాయన చేత దిష్టి తీయిస్తానన్నాడట.

"నోరు మూసుకుని చూడ్డం ఇంత కష్టమని తెలీదు సామీ" అన్నాడు. "అడ్డం వచ్చి చెప్దామని నాలుక పీకుతా ఉండె. ఇప్పుడు అందరూ చెప్పుల దాకా వస్తాండారు. సైజు కాడ నిలబడిపోతాండారు. ఆడ నుంచి ఎనక్కి పోతాండారు. ఒక్కొక్కరి కాలు ఒక్కో తీరు. ఆ నంబర్లకు ఒదగడం లే."

"మీ నాయన అంగట్లో నంబర్లు ఉండేటివా?"

"లేదు. కాలు కొలిచి కుట్టేవాడు."

"మరి దీంట్లో చెప్పులున్నాయి, పూలున్నాయి, పట్టుగుడ్డ ఉంది. కాలు ఏదిరా? ఒక్కటన్నా కనపడదే."

అప్పటిదాకా నాకు తట్టనే లేదు. నిజమే. ఆ చెప్పులంగడి మొత్తం వెతికినా ఒక్క మనిషి పాదం లేదు.

ఓబులేసు ముఖం మారిపోయింది.

"కాలు పెట్టను సామీ" అన్నాడు. "నువ్వేం చెప్పినా చేస్తా. అదొక్కటి అడగొద్దు."

"ఎందుకు?"

ఓబులేసు ఒక్కసారిగా బయటపెట్టేశాడు.

"బడికి పోయే వయసులో మా నాయనకు అన్నం క్యారియరు తీస్కపోయినా. ఒకాయన కుర్చీలో కూర్చోనుండాడు. బురద కాలు. కడుక్కోను కూడా లేదు. తీసి మా నాయన ఒళ్ళో పెట్టినాడు. పెట్టి పక్కాయనతో మాట్లాడుకుంటాండాడు. మా నాయన ఆ బురద తన పంచెతో తుడిచి కొలత తీసుకున్నాడు. అయినాక ఆయన లేచి పోయినాడు. పోయేదాక మా నాయన మొగం చూడలేదు సామీ. ఆ పొద్దే అనుకున్నా. చెప్పులు కుడతాం, అమ్ముతాం. ఇంగ మా ఇంట్లో ఎవ్వరూ ఒకరి కాలు ముట్టేది లేదు. ఆ నంబర్లు అందుకే పెట్టినా."

మఠంలో ఉన్న నలుగురూ దగ్గరికి చేరారు. నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఆ కాలు చాపినోడు ఎదురుగ్గా ఉంటే గరిటె తిరగేసి కొట్టి ఉందును.

సామి లేచాడు. గోడకున్న కేలండరులోంచి అయిపోయిన నెల కాగితం చింపి, వెనకవైపు తిప్పి నాపరాయి మీద పరిచాడు. నా పొయ్యిలోంచి ఆరిపోయిన బొగ్గు ఒకటి తెచ్చుకున్నాడు.

"దీని మీద నిలబడు" అన్నాడు.

ఓబులేసు అర్థం కాకుండానే నిలబడ్డాడు. సామి మోకాళ్ళు పటపటమంటుండగా కిందికి వంగి, కూర్చుని, వాడి మడమ చేత్తో పట్టుకున్నాడు.

"సామీ!" అని ఓబులేసు ఎగిరి పక్కకు దూకాడు.

నేనూ అరిచాను. "అయ్యయ్యో, వాని కాలు నువ్వు పట్టుకునేదేంది సామీ! చూసేవాళ్ళు ఏమనుకుంటారు?" అని. వెనక నుంచి ఇంకెవరో అపచారం అపచారం అంటున్నారు.

"అరవొద్దండి. గీత వంకర పోతాది" అన్నాడు సామి. తల ఎత్తకుండానే కాగితం సర్ది, "పెట్టు" అన్నాడు.

ఆ మాట కాదనలేక ఓబులేసు కాలు పెట్టాడు.

సామి గీశాడు. తొందర లేదు. మడమ చుట్టూ తిప్పి, పక్కగా పైకొచ్చి, ఒక్కొక్క వేలి సందులో బొగ్గు ఆనించి గీశాడు. వేళ్ళ మధ్య మట్టి ఉంటే ఊదాడు. ఓబులేసు కళ్ళ నుంచి నీళ్ళు కారి సామి బట్టతల మీద పడ్డాయి. సామి తుడుచుకోలేదు. ఒక కాలు అయినాక రెండోది కూడా గీశాడు. అది కూడా అయినాక అక్కడే కింద కూర్చుని, తల ఎత్తి వాడి ముఖంలోకి చూశాడు.

"నీ కాలు పట్టుకుంటే నేనేమన్నా తక్కువోని మాదిరి కనపడినానా?"

"అట్లనొద్దు సామీ! ఆ మాట వినేదే పాపం."

"మరి మీ నాయన ఎందుకు కనపడినాడు?"

ఓబులేసు ముఖం కందగడ్డయింది. అంతటితో ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకోలేదు, వాడు మద్దిలేటి కొడుకు మరి.

"ఆ కాలు చాపినోడు మా నాయన మొగం చూడలేదు సామీ" అన్నాడు మళ్ళీ. ఆ మాటలో న్యాయం ఉంది. ఎవరూ కాదనలేరు.

"చూడలేదు. అది వాని తప్పు" అన్నాడు సామి. మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచాడు. "వాడు చూడలేదు. నీ అంగట్లో నువ్వూ చూపించలేదు."

అని చేతికంటిన బొగ్గు కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు. ఓబులేసు ఆ కాగితం వైపు చూశాడు. తర్వాత దాన్ని చుట్టి చొక్కాలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండానే గుట్ట దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది మద్దిలేటే నాకు చెప్పాడు.

ఓబులేసు పోయీపోగానే ఇంటి ముందర తెల్లకాగితం పరిచి, "నాయనా, దీని మీద నిలబడు" అన్నాడట. ఎందుకురా అంటే, "కొనేవాళ్ళు వాళ్ళ కాలు వాళ్ళే ఇట్ల గీసుకుని ఫోటో తీసి పంపిస్తారు. నువ్వు దానికి సరిపడా కుడతావు. ఎట్ల గీయాలో సైట్లో చూపించేదానికి ఒక కాలు కావాల" అన్నాడట.

"నా కాలెందుకురా, అంతా పగుళ్ళు. యాదన్నా బాగుండే కాలు పెట్టు" అన్నాడట మద్దిలేటి.

మద్దిలేటి కాలు మీరు చూడాలి. తోలును బొటనవేలితో అదిమిపట్టి కుట్టీ కుట్టీ, కుడికాలి బొటనవేలు పక్కకు తిరిగిపోయింది. ఊరందరికీ కొలిచి కుట్టినవాడు తనకంటూ ఒక జత కొలుచుకోలేదు. ఎవరో వద్దని తిప్పిపంపినవే తగిలించుకుని తిరిగేవాడు.

"నా కాలు ఇంతవరకూ ఎవ్వరూ పట్టుకోలేదు సుంకులక్కా. సిగ్గేసింది. ఎనక్కి తీసుకుంటాంటే వాడు వదలడే" అని చెప్తూ నవ్వాడు. నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఓబులేసు సైట్ మొత్తం మళ్ళీ కట్టాడు. కట్టి నా దగ్గరికే తెచ్చాడు. ఫోన్ నా చేతికిచ్చి, నేను చెప్పకముందే తన పెదాల మీద వేలు పెట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు. నవ్వొచ్చింది నాకు.

తెరవగానే ముందర ఒక తెల్లకాగితం. దాని మీద మద్దిలేటి కాలు, పగుళ్ళతో సహా. పక్కన పెన్సిలు పట్టుకున్న ఒక చెయ్యి. "మీ కాలు గీసి పంపండి. ఆ కాలికే కుడతాం." అంతే రాసి ఉంది. కొంచెం కిందికి పోతే మద్దిలేటి ముఖం, ఒళ్ళో తోలు, చేతిలో తోలు కుట్టే ఆరె. ఆ కింద ఒక ఫోన్ నంబరు. ప్రతి చెప్పు ఎవరో ఒకరి కాలికి ఉంది. పట్టుగుడ్డలూ మల్లెపూలూ ఎటుపోయాయో పోయాయి.

నేనూ కాగితం పరుచుకుని, నడుం పట్టుకుంటూ వంగి, నా కాలు నేనే గీసుకున్నాను. బొడిపె కూడా పడింది గీతలో.

"బాగుంది గానీ, తీరా వచ్చినాక ఒరుసుకుంటే ఏం చేయాలిరా?" అన్నాను.

వాడు నోటి మీద వేలు తీయకుండానే రెండో చేత్తో రాసుకున్నాడు. మర్నాటికి సైట్లో ఆ మాట కూడా చేరింది. ఒరుసుకుంటే తిప్పి పంపండి, విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాం అని.

ఉగాది వచ్చింది, వెళ్ళింది. సైట్‌కు వచ్చేవాళ్ళు ఇప్పుడు చాలాసేపు ఉంటున్నారట. ఫోన్ చేసి అడుగుతున్నారట కూడా. గీసి పంపుతాం అన్నారు కొందరు. కాగితం మాత్రం ఒక్కటీ రాలేదు. ఓబులేసు ఫోన్ చేతిలోంచి దించడం లేదు. "ఇంకొక్క వారం ఆగు నాయనా" అని వాడు, "మాటిచ్చినా కదరా, ఆ పిల్లోడు నా కోసం పని పట్టి పెట్టినాడు" అని మద్దిలేటి. ఇద్దరూ మొండోళ్ళే.

బెంగళూరు బండి మర్నాడనగా తండ్రీకొడుకులు సామి దగ్గర సెలవు తీసుకోవడానికి మఠానికొచ్చారు. మధ్యాహ్నం పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించాను. మద్దిలేటి మాట్లాడకుండా తింటున్నాడు. ఓబులేసు తినడం లేదు, కలుపుతున్నాడు. ఏం చెప్పి వాళ్ళను ఓదార్చాలో తెలీక నేను ఇంకో గరిటె పప్పు వేశాను.

ఓబులేసు ఫోన్ మోగింది. ఎడంచేత్తో తీసి చూశాడు. ముఖం తెల్లబోయింది.

"ఏందిరా?" అన్నాను.

పైకి చదివాడు. కాకినాడ నుంచి హైమావతి అని ఒకామె రాసింది. "నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. నా రెండు కాళ్ళూ ఒక కొలత కాదు. ఎప్పుడూ రెండు జతలు కొని, ఒక్కోదాంట్లో ఒక్కటి వాడుకుని మిగతావి పారేస్తుంటాను. మీ సైట్లో వంకర బొటనవేలున్న కాలు చూశాను. అది నిజంగా ఒక మనిషిదేనా, లేకపోతే ఊరికే తయారుచేసి పెట్టిన బొమ్మా? చెప్తారా?"

మద్దిలేటి చెయ్యి అన్నంలోనే ఆగిపోయింది.

"నే చెప్పలే, బాగుండే కాలు పెట్టమని" అన్నాడు చిన్నగా.

నా నోరు ఊరుకుంటుందా? "ఎవరో మోడలుదని రాయరా. సినిమా ఆయనదని రాస్తే ఇంకా మంచిది" అన్నాను. ఒక్కరూ నవ్వలేదు. నాకే సిగ్గేసి చెంబు తీసుకుని నీళ్ళు పోయడం మొదలుపెట్టాను.

ఓబులేసు సామి వైపు చూశాడు. సామి మజ్జిగన్నం కలుపుకుంటున్నాడు. ఇటు చూడనే లేదు.

వాడు ఫోన్ తొడ మీద పెట్టుకుని ఎడంచేతి వేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాశాడు. మధ్యలో ఎక్కడా చెరపలేదు.

"ఏం రాసినావురా?" అన్నాడు మద్దిలేటి.

ఓబులేసు చదివాడు. "ఆ కాలు మా నాయనది. గీసిన చెయ్యి నాది. ఆయన పేరు మద్దిలేటి. మీ చెప్పులు ఆయనే కుడతాడు."

మద్దిలేటి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఎవరూ ఆయన వైపు చూడకుండా అన్నం తినసాగారు.

పంక్తి లేచేలోపల ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి మాటల్లేవు, ఫోటో వచ్చింది. పక్కపక్కనే రెండు కాగితాలు. ఒకదాని మీద మామూలు పాదం. రెండోదాని మీద చిన్నది, సన్నగా, వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉంది. పెన్సిలు గీత అక్కడక్కడ వణికింది. అడుగున "మద్దిలేటి గారికి" అని రాసి ఉంది.

ఓబులేసు ఫోన్‌ను నాయన కళ్ళ ముందర పట్టుకున్నాడు. మద్దిలేటి ఎడంచేతి వేలు ఆ చిన్న పాదం దగ్గర పెట్టి, గీత వెంబడే మెల్లగా తిప్పాడు. మడమ దగ్గరకొచ్చి ఆగాడు.

"ఈడ మెత్తగా వేయాల" అన్నాడు. "రెండిటికీ ఎత్తు తేడా ఎంతుందో అడుగురా. కిర్రుమనేది పెద్దకాలికి ఒక్కదానికే పెడితే బాగుండదు, రెండిటికీ సమానంగా పలకాల. ఆ తల్లి నడుస్తాంటే..."

అంతలో గుర్తొచ్చినట్టుంది. మాట ఆపేసి సామి వైపు తిరిగాడు.

"సామీ, రేపు బెంగళూరు బండి ఉంది కదా. ఆ పిల్లోనికి ఏం చెప్పేది?"

సామి విస్తరి మడిచాడు.

"తోలు నానబెట్టుకో పో" అన్నాడు.